సరిహద్దు దాటితే సీటు చేజారుతోంది

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులూ హోసూరు, కృష్ణగిరి బస్టాండ్లలో ఒకటే మాట వినబడుతుంది. "ఏం మామా, పాప మార్కులు బాగా తెచ్చుకున్యాదంటనే.. యాడ చేర్పిస్తా వుండావు?" అని ఒకరు అడుగుతారు. "మన ఊరి బళ్లో సైన్సు గ్రూపు లేదు కదప్పా. కుప్పంలోనో, తిరుపతిలోనో ఇంటర్‌లో వేద్దామని చూస్తా వుండా" అని ఇంకొకరి జవాబు. బళ్లారిలో ఇదే మాటకు గుంతకల్లు, అనంతపురం పేర్లు తగులుతాయి. రాయచూరులో కర్నూలు. పర్లాకిమిడిలో శ్రీకాకుళం, విశాఖ. ఊర్లు మారినా మాట మారదు. పిల్ల బాగా చదువుతోంది, ఊళ్లో పైచదువు క్లాసు లేదు, కాబట్టి సరిహద్దు దాటాలి.

తల్లిదండ్రులను తప్పుపట్టలేం. భాష తెలిసిన ఊరు, చుట్టాలున్న ఊరు, కాలేజీ బోర్డుల నిండా ర్యాంకుల ఫోటోలు. ఏ తండ్రికైనా అటే చూపు పోతుంది. కానీ అక్కడ అడ్మిషన్ ఫారం నింపిన రోజే ఆ పిల్ల తన సొంత రాష్ట్రంలో చట్టం ఇచ్చిన ఓ వాటాను వదులుకోవచ్చని, దానికి బదులు ఆంధ్రాలో దక్కేదేమీ ఉండకపోవచ్చని చాలా ఇళ్లలో తెలియదు. తెలిసేసరికి రెండేళ్లు గడిచిపోతాయి. కౌన్సెలింగ్ హాల్లో సర్టిఫికెట్లు తిరగేసి చూసి "నీకు ఈ కోటా వర్తించదమ్మా" అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత అప్పుడు గుర్తుకొస్తుంది.

గీత ఒకటే.. మెట్లు వేరు

అసలు బాధ ఎక్కడుందో ముందు చూడాలి. పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, మెడికల్ కాలేజీలు, ఎన్ఐటీలు అందరికీ ఒకే గీత గీస్తాయి. ఇంత ర్యాంకు, ఇన్ని మార్కులు అంటాయి. గీత గీయడం తప్పు కాదు. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు ఏదో ఒక గీత తప్పదు. కానీ ఆ గీత దగ్గరికి ఎక్కే మెట్లు అందరికీ ఒకలా లేవు. పట్నంలో పిల్లవాడికి లెక్కలకు ఒకరు, ఫిజిక్స్‌కు ఒకరు, కెమిస్ట్రీకి ఒకరు లెక్చరర్లు ఉంటారు. పైగా సాయంత్రం కోచింగ్. సరిహద్దు పల్లెలో పిల్లకు పదో తరగతి వరకే బడి. ఆపైన దగ్గర్లోని హయ్యర్ సెకండరీలో ఆర్ట్స్, కామర్స్ గ్రూపులతో సరి. సైన్సు గ్రూపు ఉన్న చోట ల్యాబు ఉండదు, ల్యాబు ఉన్న చోట చెప్పేవారుండరు. రెండు భాషల మధ్య నలిగే బాధ వేరే. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళమో కన్నడమో ఒడియానో, పైచదువులో ఇంగ్లిష్.

వడ్డించని విస్తరి ముందు కూర్చోబెట్టి ఎంత తిన్నావని లెక్కగట్టడం న్యాయమేనా? చెప్పని పాఠానికి పరీక్ష పెట్టి, రాయలేదు కాబట్టి తెలివి లేదంటే ఎలా? ఇదేదో వాదన కోసం వేసిన ప్రశ్న కాదు. ఈ ప్రశ్న వేసుకుని, జవాబుగా చట్టమే చేసిన రాష్ట్రం పక్కనే ఉంది.

ఆరుగురి నుంచి..

తమిళనాడు 2006లోనే వృత్తివిద్యా ప్రవేశ పరీక్షలు వద్దంటూ చట్టం తెచ్చింది. 2007-08 నుంచి ప్లస్ టూ మార్కులతోనే సీట్లు ఇస్తోంది. ఇంజినీరింగ్‌కు ఇప్పటికీ అదే పద్ధతి. లెక్కలకు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200కు కటాఫ్ లెక్కేస్తారు. మెడిసిన్ సంగతి మాత్రం 2017లో తిరగబడింది. ఆ ఏడాది నుంచి తమిళనాడులోనూ నీట్ తప్పనిసరి అయింది. ప్రభుత్వ బడి పిల్లలకు ఆ పరీక్ష కొరకరాని కొయ్యగా మారింది. 2019-20లో ప్రభుత్వ పాఠశాలల్లో చదివి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చేరినవారు కేవలం ఆరుగురు. అంత పెద్ద రాష్ట్రంలో ఆరుగురు!

జస్టిస్ పి.కలైయరసన్ కమిషన్ ఈ పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చాక, 2020లో అసెంబ్లీ చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ గట్టెక్కిన పిల్లలకు వైద్యవిద్య సీట్లలో 7.5 శాతం విడిగా కేటాయించింది. తొలి ఏడాదే ప్రైవేటు కాలేజీల్లోని ప్రభుత్వ కోటాతో కలిపి ఎంబీబీఎస్, బీడీఎస్‌లలో 405 సీట్లు ఈ పిల్లలకు కేటాయించారు. 2021లో ఇంజినీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం, న్యాయవిద్యకు కూడా ఇదే కోటా వర్తింపజేశారు. ఫీజు భారం కూడా ప్రభుత్వమే మోస్తానంది. సీటొచ్చినా డబ్బుల్లేక వదులుకునే దుస్థితి తప్పింది.

ఇది చెల్లదంటూ కొందరు కోర్టుకెళ్లారు. 2022 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చట్టాన్ని సమర్థించింది. అయితే ఐదేళ్ల తర్వాత సమీక్షించాలని, ఆలోగా ప్రభుత్వ బడుల ప్రమాణాలు పెంచాలని చెప్పింది. అసలు కిటుకంతా ఆ రెండో మాటలోనే ఉంది. కోటా అనేది విరిగిన కాలికి ఇచ్చిన ఊతకర్ర. కాలు బాగుచేయడం మానేసి కర్ర ఇచ్చాం కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు.

హోసూరు, వేపనపల్లి, తిరుత్తణి ప్రాంతాల్లో ప్రభుత్వ బడికి వెళ్లే తెలుగు పిల్లలందరికీ ఈ చట్టం వర్తిస్తుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అందులో ఎవరూ అడగరు. ఏ బళ్లో చదివావన్నదే ప్రశ్న. ఓ లోపం మాత్రం ఉంది. ఎయిడెడ్ పాఠశాలల పిల్లలను ఇందులో చేర్చలేదు. చెన్నైతో సహా చాలాచోట్ల పేద తెలుగు పిల్లలు దశాబ్దాలుగా చదువుతున్నది భాషా అల్పసంఖ్యాకుల ఎయిడెడ్ బడుల్లోనే. ప్రభుత్వ జీతంతోనే టీచర్లు నడిపే ఈ బడుల పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలకంటే కలిగినవారేమీ కాదు. సమీక్ష జరిగే రోజున ఈ మాట తెలుగు సంఘాలు గట్టిగా వినిపించాలి.

మిగతా చోట్ల ఏముంది?

తమిళనాడు దారిలోనే మరికొందరు నడిచారు. ఒడిశా 2021లో వైద్య, ఇంజినీరింగ్ సీట్లలో 15 శాతం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కేటాయిస్తూ చట్టం తెచ్చింది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ తెలుగు ఇళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? పుదుచ్చేరిలో 2023 నుంచి వైద్యవిద్యలో ప్రభుత్వ బడి పిల్లలకు 10 శాతం కోటా అమలైంది. యానాం పిల్లలూ అందులో భాగమే.

కర్ణాటకలో లెక్క వేరు. అక్కడ ఇంజినీరింగ్ ర్యాంకుకు పీయూసీ మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం. ఒకటి నుంచి పది వరకు పల్లెల్లో చదివినవారికి 15 శాతం గ్రామీణ కోటా, కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం కోటా ఉన్నాయి. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఊరి ప్రభుత్వ బళ్లో కన్నడంలో చదివే పిల్లలు రెండింటికీ అర్హులే. "మేం తెలుగోళ్లం, కన్నడ కోటా మనకెందుకు ఇస్తార్లే" అనుకుని ఆ గడి ఖాళీగా వదిలేస్తే నష్టం ఎవరికి? అడిగేది మాధ్యమం, మాతృభాష కాదు. బళ్లారి, రాయచూరు, బీదర్, కలబురగి, యాదగిరి, కొప్పళ, విజయనగర జిల్లాలకు దీనికి తోడు 371-జె అధికరణ అండ ఉంది. 2012లో చేసిన 98వ రాజ్యాంగ సవరణ ఫలం ఇది. ఆ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, రాష్ట్రస్థాయి సంస్థల్లో 8 శాతం సీట్లు స్థానికులకే. దీనికి అసిస్టెంట్ కమిషనర్ ఇచ్చే అర్హత పత్రం కావాలి. అది ముందే తీసి పెట్టుకోకుండా కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏం లాభం?

దాటిన గడపలో చోటేది?

ఇప్పుడు సరిహద్దు దాటిన పిల్ల సంగతి చూద్దాం. కృష్ణగిరి జిల్లా పిల్ల పది వరకు ప్రభుత్వ బళ్లో చదివి, కుప్పంలో ఇంటర్‌లో చేరిందనుకోండి. ఆరు నుంచి పన్నెండు వరకు తమిళనాడు ప్రభుత్వ బడి అన్న నిబంధన అక్కడే తెగిపోతుంది. 7.5 శాతం కోటా పోతుంది. నేటివిటీ సర్టిఫికెట్‌తో జనరల్ పోటీలో నిలబడొచ్చు. కానీ అక్కడ ఎదురయ్యేది పట్నం పిల్లలే.

పోనీ, ఆంధ్రాలో సీటు వస్తుందా అంటే, అక్కడ 371-డి అధికరణ, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొస్తాయి. 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికత కావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్లతో అది తీరదు. మిగిలిన 15 శాతంలో పోటీ పడాలన్నా రాష్ట్రం బయట చదివిన కాలం కాక పదేళ్ల నివాసం లాంటి షరతులున్నాయి. తాతముత్తాతల నుంచి హోసూరులో ఉంటున్న కుటుంబం ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇక మిగిలేది యాజమాన్య కోటా. అక్కడ మార్కులకంటే పైకానికే విలువ.

కర్ణాటకలో ఈ దెబ్బ కొంత తక్కువ. మొత్తం చదువులో కనీసం ఏడేళ్లు రాష్ట్రంలో చదివి, పది గానీ పన్నెండు గానీ అక్కడే పాసై ఉంటే సీఈటీకి అర్హత నిలుస్తుంది. అంటే పది దాకా బళ్లారిలో చదివి అనంతపురంలో ఇంటర్ చేసిన పిల్లవాడికి ఫర్వాలేదు. ఏడో తరగతికే ఆంధ్రా రెసిడెన్షియల్ స్కూలుకు పంపేసిన పిల్లవాడికి మాత్రం కష్టమే.

ఎన్ఐటీల సంగతి మరీ చిత్రం. ఒక్కో ఎన్ఐటీలో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు. ఏ రాష్ట్రం పిల్ల అన్నది తేల్చేది పుట్టిన ఊరు కాదు, రేషన్ కార్డు కాదు, పన్నెండో తరగతి పాసైన చోటు. కుప్పంలో ఇంటర్ చదివిన కృష్ణగిరి పిల్లకు తిరుచిరాపల్లి ఎన్ఐటీలో సొంత రాష్ట్ర వాటా ఉండదు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఉంటుంది. అంటే ఆంధ్రా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ లెక్కలో పరాయి అయిన పిల్ల, జేఈఈ లెక్కలో ఆంధ్రా పిల్ల! దీన్నిబట్టి తేలేదేమంటే, సరిహద్దు దాటడం అన్నివేళలా నష్టమూ కాదు, లాభమూ కాదు. ఏ పరీక్షకు వెళ్లాలో, ఏ సీటు కావాలో ముందు తేల్చుకుని లెక్క చూసుకోవాలి. కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి చెప్పిన మాట విని కాదు.

ప్రతిభకు కొలత ఏది?

ప్రభుత్వ బడి పిల్లలకు విడిగా సీట్లిస్తే ప్రతిభ ఏం కావాలని అడిగేవారున్నారు. ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. రాత్రింబవళ్లు చదివి ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్న పిల్లవాడి బాధ కూడా బాధే. కానీ లెక్చరర్ లేకుండా తెచ్చుకున్న మార్కు, లక్షలు పోసి కోచింగ్‌లో తెచ్చుకున్న మార్కు ఒకటేనా? ఉన్న అవకాశాన్ని ఎంతవరకు వాడుకున్నారన్నది కూడా ప్రతిభకు కొలతే.

మన పిల్లలు ఎగబడి వెళ్లే అమెరికాలోనూ ఇదే తగువు నడిచింది. అక్కడి హైస్కూళ్లలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పైస్థాయి క్లాసులుంటాయి. డబ్బున్న పేటల బడుల్లో అవి బోలెడు, పేద పల్లెల్లో అరకొర. టెక్సాస్ రాష్ట్రం 1997లో ఓ చట్టం చేసింది. ఏ బడి అయినా సరే, తన తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నేరుగా ప్రవేశం. ఊళ్లో లేని క్లాసుకు మార్కులడగకుండా, ఊళ్లో ఉన్న బళ్లో ఎవరు ముందున్నారని చూశారన్నమాట. ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయం మాత్రం తాకిడి తట్టుకోలేక ఆ శాతాన్ని తగ్గించుకుంటూ వచ్చి 2026 ప్రవేశాలకు ఐదు శాతం చేసింది.

అంత దూరం ఎందుకు, మన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమే ఉంది. జనం నోట ట్రిపుల్ ఐటీ. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఈ సంస్థ కోచింగ్ ర్యాంకు అడగకుండా పదో తరగతి ఫలితంతోనే పిల్లలను తీసుకుంది. గ్రేడు పాయింట్ల రోజుల్లో నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా 0.4 కలిపేవారు. కూలీల ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చింది ఆ వెసులుబాటు వల్లనే.

ఎల్లలు అడగని తలుపులు

రాష్ట్రాల కోటాలతో పనిలేని తలుపులు కొన్ని ఉన్నాయి. అవి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. చిత్రమేమంటే వాటిలో మూడు మన సరిహద్దు పొడవునే ఉన్నాయి. కలబురగి దగ్గర ఒకటి, కోరాపుట్‌లో ఒకటి, అనంతపురంలో ఒకటి. హైదరాబాద్ ఉండనే ఉంది. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. 13 భాషల్లో ఇది రాయొచ్చు. తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ అన్నీ అందులో ఉన్నాయి. ఐదు సబ్జెక్టుల వరకు ఎంచుకోవచ్చు. 2025 నుంచి పన్నెండులో చదవని సబ్జెక్టులో కూడా పరీక్ష రాసే వీలు కల్పించారు. కోర్సును బట్టి విశ్వవిద్యాలయాలు పెట్టే అర్హతలు మాత్రం విడిగా చూసుకోవాలి.

సైన్సు గ్రూపు దొరక్క ఆర్ట్స్ గ్రూపులో చేరిన పిల్లకు చదువు ముగిసిపోయిందన్న భావన మన ఇళ్లలో పాతుకుపోయింది. డాక్టరు, ఇంజినీరు తప్ప మరో చదువు చదువే కాదన్నట్టు మాట్లాడతారు. ఊరి బళ్లో ఉన్న గ్రూపే శ్రద్ధగా చదివి, చరిత్ర, ఆర్థికశాస్త్రం, భాషలతో ఈ పరీక్ష రాసే పిల్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయం తలుపు తెరిచే ఉంటుంది.

చేయాల్సిన పని

ప్రభుత్వాలు చేయాల్సింది మొదట ఒకటే. సరిహద్దు మండలాల్లో, తాలూకాల్లో కనీసం ఒక్కో ప్రభుత్వ బళ్లో సైన్సు గ్రూపు పెట్టి, ఆ సబ్జెక్టులకు లెక్చరర్లను వేసి నిలబెట్టాలి. రాజధానికి దూరం, భాష వేరు అన్న సాకుతో ఈ ప్రాంతాలకు బదిలీ అంటేనే శిక్షగా భావించే పద్ధతి పోవాలి. సోలాపూర్, సిరోంచ వైపున్న మన కుటుంబాల పిల్లలకూ ఇదే అవసరం. ప్రభుత్వ బడి కోటా లేని రాష్ట్రాలు తమిళనాడు, ఒడిశా అనుభవాన్ని చూసి కదలాలి.

రెండోది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల బాధ్యత. మహారాష్ట్రలోని అక్కలకోట, జత వంటి తాలూకాల్లో, కేరళలోని కాసరగోడులో ఉన్న కన్నడిగుల పిల్లల కోసం కర్ణాటక తన సీఈటీ నిబంధనల్లోనే చోటు పెట్టింది. గడినాడు కన్నడిగులు అని వారికో పేరే ఉంది. ఎల్ల అవతలి తెలుగు పిల్లలకు మన రెండు రాష్ట్రాలు ఆపాటి చేయలేవా? స్థానికుల సీట్లు తగ్గించమని ఎవరూ అడగడం లేదు. ఉన్న సీట్ల మీద అదనంగా కొద్దిపాటి సూపర్‌న్యూమరరీ సీట్లు ఇచ్చే మార్గాన్ని పరిశీలించవచ్చు. ప్రపంచ తెలుగు మహాసభల వేదికల మీద ప్రవాసాంధ్రులను తలచుకోవడం కంటే బస్సెక్కితే వచ్చే ఊరి పిల్లకు ఓ సీటు చూపడం మేలు.

మూడోది మన చేతిలోని పని. ఊరూరా తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి పంచాంగ శ్రవణం, సన్మానాలు బాగానే చేస్తున్నాయి. ఏటా మే నెలలో ఒక్క ఆదివారం, పది పాసైన పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఏ కోటాకు ఏ సర్టిఫికెట్ కావాలో, ఎక్కడ ఎన్నేళ్లు చదివితే ఏం వస్తుందో, ఏం పోతుందో చెప్పిస్తే చాలు. రిటైరైన హెడ్మాస్టరు ఒక్కరు చాలు ఈ పనికి.

తల్లిదండ్రులకు చెప్పేదీ ఒకటుంది. జూన్‌లో పెట్టె సర్ది పిల్లను బస్సెక్కించే ముందు ఒక్క పూట ఆగండి. ఆరో తరగతి నుంచి ఉన్న స్టడీ సర్టిఫికెట్లు ముందు వేసుకుని, ఊరి బళ్లో టీచరును అడగండి. ఇక్కడే ఉంటే ఏ వాటా నిలుస్తుంది, అక్కడికెళ్తే ఏ వాటా పోతుంది అని. లెక్క చూసుకున్నాక కూడా కుప్పమే మేలనిపిస్తే సంతోషంగా పంపండి. తెలిసి తీసుకున్న నిర్ణయం వేరు, తెలియక పోగొట్టుకున్న సీటు వేరు. మొదటిదానికి పిల్ల రేపు మిమ్మల్ని నిలదీయదు.